పదిహేడో మంచం కాయితం

పెండ్లిపిల్ల తల్లి రెండు-ఆరు సైజు గాజులు అడిగింది. గాజులమ్మే హనీఫమ్మ ఆ పిల్ల ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలి కింది ఎముకను రెండు వేళ్లతో నొక్కి చూసి, గాజుల మూట మలారంలోంచి ఇంకా చిన్నవి, రెండు-నాలుగు గాజులు తీసింది.

"గవి పట్టవు హనీఫమ్మా. పొల్ల చెయ్యి పెద్దది," అంది తల్లి.

"చెయ్యి కాదు పెద్దది, భయం పెద్దది. అది దిగినంక చూడు."

పిల్ల బొటనవేలిని అరచేతిలోకి ముడుచుకుని కూర్చుంది. భయపడే ఆడపిల్లలందరూ అట్లాగే ముడుచుకుంటారు. బలవంతంగా లాగితే ఇంకా బిగుస్తుంది. హనీఫమ్మ లాగలేదు. కొబ్బరినూనె రాసి, గాజును వేళ్ల మొదళ్ల దాకా తెచ్చి ఆపి, ఏ పనీ లేనట్టు అడిగింది.

"మీ అత్తగారింట్ల బర్లెన్ని బిడ్డా?"

"నాలుగు."

"పాలు ఎవలు పిండుతరు? మీ అత్తనా, నీ మొగడా?"

"ఆయనే అంట," అంది పిల్ల.

"అయితె ఇంకేంది, పొద్దుగాల లేసి నువ్వు ముంత పట్టుకుంటె చాలు. సగం కాపురం బర్రె దగ్గర్నే అయిపోతది."

అరుగు మీది ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. పిల్లకూ నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో బొటనవేలు వదులైంది. గాజు ఎముకను దాటి మణికట్టు మీదికి జారింది. తల్లి ముక్కు మీద వేలేసుకుంది.

పదకొండు గాజులు ఎక్కాయి. పన్నెండోది వేళ్ల మొదట్లో ఉండగా హనీఫమ్మ కుడి భుజం మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వస్తున్నదని ఆమెకు తెలిసింది. పిల్ల చేతిని వదిలెయ్యాలనుకుంది కానీ అంత వ్యవధి లేదు. చెయ్యి భుజం నుంచి బిగిసి, తనది కానట్టు ఒక్కసారి పైకి దుమికింది. కుడి చెంప గుంజుకుపోయింది, కన్ను మూసుకుపోయింది. రెండు లెక్కపెట్టేలోగా అంతా అయిపోయింది. అప్పటికే ఆమె పిడికిలిలో గాజులు నలిగిపోయాయి. పిల్ల మణికట్టు మీద నెత్తురు సన్నగా గీతలు కట్టింది.

గాజు పగిలిందని నోటితో ఎవరూ అనరు, పెరిగిందంటారు. ఆ రోజు ఆ మాట అనడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు.

"దేవత వచ్చినట్టుంది," అంది వెనక నుంచి ఒక ముసలామె.

"తుర్కామెకు ఏ దేవతొస్తదే?"

"అయితె పీరు లేసిండేమో."

ఎవరో కిసుక్కుమన్నారు. మంచం మీద కూర్చున్న పెండ్లిపిల్ల తండ్రి గుర్వయ్య నవ్వలేదు. లేచి వచ్చి హనీఫమ్మ మొహం దగ్గరగా వాసన చూశాడు.

"కల్లు తాగొచ్చినవా హనీఫమ్మా?"

అరవై రెండేళ్లలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. కొంగు చింపి పిల్ల మణికట్టుకు చుట్టింది. చుట్టేటప్పుడు చెయ్యి ఏ మాత్రం వణకలేదు. అదే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది.

"నెల రోజుల సంది వస్తాంది. గిట్ల దుంకుతది, పోతది. నాకు తెలివి పోదు," అంది.

"రోగమే అయితె పట్నం పెద్ద దవాఖానకు పో. ఏం రోగమో రాసిన కాయితం తెచ్చి మన యోహాను డాక్టరుకు చూపియ్యి. ఆయన చదివి చెప్తడు. అప్పటిదాంక మా ఊర్ల, ఈ చుట్టుపక్కల పల్లెల్ల మలారం దించకు. గాజులోళ్లు ఇంకెవలన్న దొరుకుతరు మాకు."

హనీఫమ్మ మలారం భుజానికెత్తుకుంది. "తెస్త. కాయితం తెచ్చి నీ ముంగట్నే చదివిపిస్త," అని, వెనక్కి చూడకుండా తన ఊరు కట్టంగూరు దారి పట్టింది.

*

యోహాను డాక్టరంటే చదివిన డాక్టరు కాదు. సూదీ గోలీ ఇచ్చేవాడు. కానీ పది ఊళ్లకు ఆయనే దిక్కు. ఆయన హనీఫమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు చూసి తల ఊపాడు.

"నేను చెప్పిన కదా, బీపీ. ఉప్పు బంద్ చేసినవా?"

"నెల దినాల సంది ఉప్పు లేని కూడే తింటున్న. మా కోడలు చారు చేస్తె కడుగునీళ్లు తాగినట్టుంటాంది."

"నన్నెందుకంటవు అత్తమ్మా? ఆయన చెప్పిందే చేసిన," అంది పక్కన నిలబడ్డ కోడలు సకీనా.

"నేను చారునంటున్న. నిన్ను అనాల్నంటె ఇంకా శాన ఉన్నయి."

సకీనా మూతి తిప్పుకుంది. హనీఫమ్మ యోహాను వైపు తిరిగింది.

"ఇంకో మాట. మొన్న మొన్నటిదాంక మోకాళ్ల నొప్పులకు చిన్న తెల్ల గోలీలు ఇచ్చినవు సూడు. ఈ దుంకుడు మొదలైనంక గవి ఆరు దినాలు వరుసగ ఏసుకున్న. గా దినాలల్ల చెయ్యి దుంకుడు శాన తగ్గింది. నువ్వు బంద్ చెయ్యంగనే మళ్ల మొదలైంది."

యోహాను నవ్వాడు. "గవి కీళ్లకు, హనీఫమ్మా. మన ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు పట్టుకపోతయి కదా, దానికిచ్చేటియి. బీపీ ఉన్నోళ్లు ఎయ్యొద్దు. నొప్పుల గోలీకి చెయ్యి దుంకుడు తగ్గుతదా ఏందన్న?"

"తగ్గుతదో లేదో నాకేం ఎరుక. తగ్గిందని చెప్తున్న."

ఆ మాట చెబుతుండగానే చెయ్యి దుమికింది. బీపీ పట్టీ రబ్బరు గొట్టం బల్ల మీది సీసాలను పడగొట్టింది. సకీనా వంగి సీసాలు ఏరింది. లేచేటప్పుడు అత్త మొహం చూసి మూతి తిప్పడం మానేసింది.

మర్నాడు పొద్దున పట్నం బస్సులో హనీఫమ్మ కోడల్ని అడిగింది, ఇంటికి తాళం వేశావా అని. వేశానంది సకీనా. నార్కట్‌పల్లి దాటాక మళ్లీ అడిగింది. చౌటుప్పల్ దగ్గర మూడోసారి అడిగింది. ఈసారి సకీనా తాళంచెవి తీసి అత్త చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇంతకుముందు అడిగిన్నా?" అంది హనీఫమ్మ.

"అడిగినవు."

హనీఫమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెయ్యి దుమికితే ఆమెకు తెలుస్తుంది. ఇది మాత్రం తెలియడం లేదు. తాళంచెవిని పట్నం వచ్చేదాకా పిడికిట్లోనే పట్టుకుంది.

*

పెద్ద దవాఖానలో ఆడవాళ్ల వార్డుకు అరవై మంచాలు. మనుషులు అంతకు రెట్టింపు. హనీఫమ్మకు పదిహేడో మంచం దొరికింది. ఆ మంచానికీ పద్దెనిమిదికీ మధ్య కింద చాప మీద అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన ఈదమ్మ పడుకుని ఉంది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. మంచం కోసం నాలుగు రోజుల నుంచి చూస్తున్నది.

రాసుకోవడానికి వచ్చిన కుర్ర డాక్టరు పేరు ఆజం. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏ ఊరమ్మా?"

"కట్టంగూరు. నల్లగొండ జిల్లా."

"కల్లు ఎన్నేళ్ల నుంచి తాగుతున్నరు?"

హనీఫమ్మ మంచం మీద నిటారుగా కూర్చుంది. "నీ పేరేంది బిడ్డా?"

"ఆజం."

"మీ అవ్వను గిట్లనే అడుగుతవా?"

అతను తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మీ దిక్కు నుంచి చెయ్యి కొట్టుకుంటదని వచ్చేటోళ్లు శాన మంది కల్లు దొరక్క వచ్చేటోళ్లే అమ్మీ. అందుకే అందరినీ అడుగుతం. తప్పైంది," అని రాసింది కొట్టేశాడు. మళ్లీ మొదటి నుంచి అడిగాడు. రోజుకు ఎన్నిసార్లు, ఏ చెయ్యి, మొహం కూడానా, నిద్ర ఎట్లా ఉంది, మరుపు ఉందా. మరుపు దగ్గర సకీనా నోరు తెరవబోయి అత్తను చూసి ఆగింది.

"చెప్పు," అంది హనీఫమ్మ. "తాళం ముచ్చట చెప్పు."

మర్నాడు తలకు తీగలు అంటించి పొడుగాటి కాయితం మీద గీతలు తీశారు. తీస్తున్నంతసేపు చెయ్యి రెండుసార్లు దుమికింది. ఆ మరుసటి రోజు పెద్ద డాక్టరు వచ్చాడు. వెనక పదిమంది. గీతల కాయితాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసి, మంచం కాళ్ల దగ్గర వేలాడే అట్ట తీసి ఇంగ్లీషులో ఒక మాట రాసి పద్దెనిమిదో మంచానికి వెళ్లిపోయాడు.

"ఏం రాసిండు?" అంది హనీఫమ్మ.

నర్సు నిర్మలమ్మ అట్ట చూసి, వినబడనట్టు దుప్పటి సర్దింది.

"సిస్టరమ్మా, నేను చదువుకోలే. కానీ నువ్వు చదివినవు. నీ మొహం చూస్తె తెలుస్తాంది."

"ఏముందమ్మా, గీతలల్ల ఏం రోగం లేదు. నటన అని రాసిన్రు," అంది నిర్మలమ్మ గొంతు తగ్గించి. "నువ్వు కావాల్నని చేస్తున్నవని. ఈ వయసులో ఇంట్ల పట్టించుకోకుంటె కొందరు చేస్తరట. రేపు డాక్టరు చదివే పిల్లలకు పాఠం చెప్పనీకె నిన్ను తీసుకొని రమ్మన్నరు."

సకీనా గిన్నె కడుగుతున్నదల్లా లేచి నిలబడింది. "పట్టించుకోకుంటనా? నేనా?"

"నిన్నంటలేరు తియ్యి," అంది హనీఫమ్మ.

"నన్నే అంటున్నరు! నెల దినాలు ఉప్పులేని కూర ఏరేగ వండిన. నీకోసం ఒకటి, మాకోసం ఒకటి."

కింద చాప మీద నుంచి ఈదమ్మ నవ్వింది. "మీ అత్తాకోడండ్లు కొట్లాడుకోకుండ్రి. కొట్లాడితె గది సుత రాసుకుంటరు."

హనీఫమ్మకు నవ్వు రాలేదు. ఆ మాట కాయితం మీదుంది. ఆ కాయితమే ఊరికి పోతుంది, యోహాను చదువుతాడు, గుర్వయ్య వింటాడు. కల్లు తాగొచ్చిందంటే కాదని ఒట్టేసి చెప్పొచ్చు. దొంగేషమని పట్నం డాక్టరే రాస్తే ఎవరి మీద ఒట్టు వెయ్యాలి?

*

వార్డు చివరి గదిలో బెంచీల మీద ఇరవై మంది పిల్లలు కూర్చున్నారు. హనీఫమ్మను మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టారు. సకీనా తలుపు దగ్గర ఆగిపోయింది. ఆజం గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పెద్ద డాక్టరు ఇంగ్లీషులో చెబుతూ మధ్యమధ్య తెలుగు కలుపుతున్నాడు. పదిహేను నిమిషాల్లో ఆమె చెయ్యి మూడుసార్లు దుమికింది. మూడోసారి ఆయన చాక్‌పీసుతో ఆమె వైపు చూపించాడు.

"చూశారా? వార్డులో గంటకు ఒకటి, రెండు. ఇక్కడ అందరూ చూస్తున్నారు కాబట్టి ఇన్ని. తెలివి పోదు, నాలుక కరుచుకోదు, గ్రాఫు నార్మల్. దీన్ని బట్టి మనం ఏమనుకోవాలి?"

ముందు బెంచీలో ఎవరో జవాబు చెప్పారు. మిగతావాళ్లు రాసుకున్నారు.

"సారూ," అంది హనీఫమ్మ.

"మీరు మాట్లాడక్కర్లేదమ్మా. ఐదు నిమిషాల్లో అయిపోతుంది."

"నా గురించే కదా సారూ చెప్తున్నరు. నేను జర చెప్త."

ఆమె ముసుగు సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుంది.

"నేను గాజులు ఎక్కిస్త. నలభై ఏండ్ల సంది గదే పని. ఆడిపిల్ల చెయ్యి కావాల్నని బిగవట్టుకుంటె నాకు తెలుస్తది. ముందుగాల బొటనేలు లోపలికి పోతది. ఎనక మణికట్టు. నేను ఒక ముచ్చట పెడ్తె, ఒక పరాచికం ఆడ్తె, మనసు అటు పోంగనే చెయ్యి ఒదులైతది. అప్పుడే గాజు ఎక్కిస్త. మనసుతోని బిగవట్టిన చెయ్యి, మనసు పక్కకు పోతె ఆగదు. నాది గట్లున్నదో లేదో పట్టుకొని చూడుండ్రి. పట్టుకోకుంట రాసుడేంది?"

పెద్ద డాక్టరు గడియారం చూసుకున్నాడు.

"నలభై ఏండ్లు ఆడోళ్ల చేతులే పట్టిన," అంది హనీఫమ్మ. "ఇయ్యాల మొదటిసారి మొగోళ్లను అడుగుతున్న, నా చెయ్యి పట్టుకోండ్రని. సిగ్గు నాకు కావాలె, మీకెందుకు?"

వెనక బెంచీలో ఒక పిల్ల నవ్వి నోరు మూసుకుంది. ఆజం గోడ దగ్గర నుంచి వచ్చి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. ఆమె కుడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"గట్ల గాదు బిడ్డా. బొటనేలు కింద నీ ఏలు పెట్టు. ఇంకో చెయ్యి భుజం మీద. ఆఁ. ఇగ అడుగు నన్నేదన్న. ఊకె కూసుంటె చెయ్యి మీదనే ద్యాస పెట్టుకున్నదంటరు."

"ఏ ఏ ఊళ్లు తిరుగుతరు అమ్మీ?"

"పది ఊళ్లు," అని ఆమె వేళ్లు ముడవకుండానే మొదలుపెట్టింది. ఒకటి చెప్పింది. రెండు, మూడు. ఐదో ఊరు చెప్పి ఆగింది. ఆరో ఊరు ఎటు పోవాలో తెలుసు. వాగు దిగి ఎడమకు తిరిగితే మొదటి ఇంటి ముందు వేపచెట్టు, అరుగు మీద ఎప్పుడూ దగ్గే ముసలాయన. ఊరి పేరు మాత్రం రాలేదు. ఆమె ఆ చెట్టును చూస్తున్నది, దగ్గు వింటున్నది, పేరు వెతుకుతున్నది. ఇరవై మంది చూస్తున్నారన్నది పోయింది. ఎదుట కూర్చున్న పిల్లవాడు పోయాడు. చెయ్యి ఉన్నదన్నది కూడా పోయింది.

"గా ఊరు... అదే, వాగు దిగి..."

మాట సగంలో చెయ్యి దుమికింది. ఆజం చేతులు దానితోపాటు పైకి లేచాయి. చెంప గుంజుకుంది. కంట్లోంచి నీళ్లు జారాయి. ఆ నీళ్లు చెయ్యి దుమికినందుకు కాదు.

ఆజం వెంటనే లేవలేదు. "బొటనవేలు ముందు ముడుచుకోలేదు సర్," అన్నాడు. "భుజం నుంచి వచ్చింది. మాట్లాడుతుంటే తగ్గలేదు, మాటే తెగింది. ఆమె మనసు ఇక్కడ లేదు సర్, ఊరి పేరు దగ్గరుంది."

"గ్రాఫు నార్మల్ కదా ఆజం?"

"గ్రాఫుకు అందకుండా ఉండొచ్చు కదా సర్. మరుపు కూడా ఉంది. ఒక్కసారి రక్తంలో ఉప్పు చూద్దామా?"

పెద్ద డాక్టరు చాక్‌పీసు డబ్బాలో పడేశాడు. "చూసుకో," అన్నాడు. బోర్డు మీద రాసిన మాటను మాత్రం తుడవలేదు.

*

రక్తంలో ఉప్పు ఉండాల్సినదానికంటే బాగా తక్కువని తేలింది. ఆజం ఆ చీటీ పట్టుకుని వచ్చేసరికి సకీనా అత్త తల దువ్వుతున్నది.

"ఉప్పు తినొద్దని ఎవరన్నా చెప్పిన్రా?"

"యోహాను," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"తినకపోవడం వల్ల మాత్రమే ఇంత పడదు. మెదడులో ఏదో జరిగితే కూడా పడుతుంది. జ్వరం లేదు, స్కానులో గడ్డ కూడా లేదు..." అతను మంచం అంచు మీద కూర్చున్నాడు. "మీకు ఏ మందుతో అయినా తగ్గిందా ఎప్పుడన్నా?"

హనీఫమ్మ కోడలి వైపు చూసింది. ఈ ముచ్చట దవాఖానకు వచ్చాక నలుగురికి చెప్పింది. నలుగురూ యోహానులాగే నవ్వారు. సకీనా కొంగు ముడి విప్పింది. అందులో ఒక చిన్న తెల్ల గోలీ ఉంది. యోహాను పారేయమన్నా ఆమె పారేయలేదు.

ఆజం గోలీని వెలుతురుకు ఎత్తి, మీది అచ్చు చదివాడు.

"నొప్పుల గోలీ అన్నడు," అంది సకీనా భయంగా.

"ఇది స్టెరాయిడు గోలీ. నొప్పులకు ఇస్తరు. ఆయాసానికిస్తరు. వాపు ఎక్కడున్నా ఇస్తరు. ఊళ్లల్ల ఇష్టమొచ్చినట్టు ఇస్తే ప్రమాదం కూడా." అతను హనీఫమ్మ వైపు తిరిగాడు. "మన ఒంట్లో రోగాలను కొట్టే కాపలా ఒకటుంటది అమ్మీ. ఒక్కోసారి అది దారి తప్పి సొంత మనిషినే కొడుతది. మీ మెదడును కొడుతున్నదేమో అనుకుంటున్న. ఈ గోలీ ఆ కాపలాను ఆపుతది. అందుకే ఆ ఆరు దినాలు తగ్గింది. దీనికి పేరేందంటే నేను చెప్పలేను. నేను చదివిన పుస్తకాల్లో ఇట్ల సరిగ్గా లేదు."

"పేరు లేకుంటె లేకపాయె. ఉన్నదంటున్నవు కదా?"

"ఉంది."

హనీఫమ్మ అటు తిరిగి పడుకుంది. ఏడుస్తున్నదని ఈదమ్మకు కింది నుంచి కనబడింది. కానీ ఈదమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎక్కువ మోతాదులో మందు మొదలుపెట్టారు. మూడో రోజు చెయ్యి దుమకడం సగానికి తగ్గింది. ఐదో రోజు పొద్దంతా నాలుగుసార్లే. తొమ్మిదో రోజు హనీఫమ్మ పొద్దున్నే లేచి చాయ్ గ్లాసు కుడిచేత్తో పట్టుకుని చివరి చుక్క దాకా తాగింది. ఆ రోజు మొత్తం చెయ్యి ఆమెదే. మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ఆగి, "చందుపట్ల," అంది.

"ఏంది?" అంది సకీనా.

"ఆరో ఊరు. వాగు దిగినంక చందుపట్ల."

సకీనా ఎంగిలిచేత్తోనే అత్త భుజం పట్టుకుని ఊపింది.

*

మందు మొదలుపెట్టిన పన్నెండో రోజు పొద్దున నిర్మలమ్మ డిశ్చార్జి కార్డు తెచ్చింది. మందు ఎట్లా తగ్గించుకుంటూ రావాలో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పింది. హనీఫమ్మ అంతా విన్నది.

"కార్డు మీద ఏమున్నది సిస్టరమ్మా? మొదటి నుంచి చదువు."

నిర్మలమ్మ చదివింది. అట్ట మీద ఉన్నదే గుమాస్తా కార్డు మీదికి దించాడు. మొదటి వరుసలో నటన. రెండో వరుసలో మెదడు వాపు అనుమానం, మందుకు గుణం.

"ముందుగాల దొంగ, ఎనక రోగి అన్నట్టు," అంది హనీఫమ్మ. "మొదటిది కొట్టేసియ్యుండ్రి."

"నేను కొట్టెయ్యొద్దమ్మా. పెద్ద సారు రాసిన్రు."

"అయితె పెద్ద సారునే రమ్మను."

"కొట్టేయమని పెద్ద సారును పిలుస్తరా ఎవలన్న? లే తల్లీ, మంచం కావాలె. కింద మనుషులున్నరు."

అది నిజమే. ఈదమ్మ ఇరవై రోజుల నుంచి నేల మీదే ఉంది. హనీఫమ్మ మంచం దిగింది. దుప్పటి దులిపి, మళ్లీ పరిచి, ఈదమ్మ చంకల కింద చేతులు వేసి లేపింది. సకీనా కాళ్లు పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆమెను పదిహేడో మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాత హనీఫమ్మ ఈదమ్మ చాప మీద కూర్చుంది.

"ఇదేందమ్మా?" అంది నిర్మలమ్మ.

"మంచం ఇచ్చిన. జాగ ఇయ్య. నా కాయితం సక్కగైనంక పోత."

"వాచ్‌మన్‌ను పిలుస్త."

"పిలువు. ఆయనకు సుత చెప్త, ఎందుకు కూసున్ననో."

"అత్తమ్మా, పోదాం పా," అంది సకీనా మెల్లగా. "చెయ్యి బాగైంది. ఊర్లె అందరు చూస్తరు. కాయితం చింపి పారేద్దాం."

"చింపితె నా చేతుల ఉన్నది పోతది. ఈడున్నది పోతదా? రేపు మళ్ల వస్తె, ఆజం బిడ్డ లేకుంటె, ఎవలో అట్ట తీసి గా మాటే చదువుతరు. మళ్ల స్టూలు మీద కూసోబెడ్తరు." ఆమె చాప మీద చెయ్యి ఆనించింది. "నీకు తొందరుంటె నువ్వు పో."

సకీనా సంచీ దించింది. అత్త పక్కన కూర్చుని, బస్సు కోసం కట్టుకున్న రొట్టెల మూట విప్పి, ఒకటి అత్తకు, ఒకటి మంచం మీది ఈదమ్మకు ఇచ్చింది. మూడోది నిర్మలమ్మకు చాచింది. నిర్మలమ్మ కోపంగా చూసి వెళ్లిపోయింది. వాచ్‌మన్ మాత్రం రాలేదు.

పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చేసరికి పదకొండైంది. వెనక ఆజం, పిల్లలు. పదిహేడో మంచం మీద వేరే మనిషి, కింద హనీఫమ్మ. నిర్మలమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఆయన మొహం ముడుచుకుంది.

"నీకు మేం నయం చేశాం కదమ్మా. ఇంకేం కావాలి?"

"నయం చేసిండ్రు. మీ పిల్లలకు సుత దండం పెడ్త." ఆమె లేచి నిలబడింది. "మీరు గా దినం నా చెయ్యి పట్టుకోలే. ఇయ్యాలన్న పట్టుకోండ్రని అడుగుతలేను. కలం పట్టుకోండ్రి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆజం నేల చూస్తున్నాడు. కానీ వెనక్కి జరగలేదు.

"అప్పటికి ఉన్న సమాచారాన్ని బట్టి రాశాను," అన్నాడు పెద్ద డాక్టరు. "అది తప్పు కాదు."

"నేను తప్పు అంటలేను సారూ. అబద్ధం అంటున్న. తప్పైతె మీది. అబద్ధమైతె నా మీద పడ్డది."

ఆయన జేబులోంచి కలం తీసి, అట్ట కోసం చెయ్యి చాచాడు. ఆజం హనీఫమ్మ అట్ట తెచ్చి ఇచ్చాడు. పెద్ద డాక్టరు ఆ మాట మీద ఒక్క గీత గీశాడు. కార్డు తీసుకుని దాని మీద కూడా గీశాడు.

హనీఫమ్మ కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "కింద అక్షరాలు ఇంకా కనవడుతున్నయి."

"కనపడాలి. రాసిన మాటను చెరపకూడదు. ఒక్క గీత గీసి సంతకం పెట్టాలి. అది పద్ధతి."

"మంచి పద్ధతే. ఎవలు రాసిండ్రో, ఎవలు కొట్టేసిండ్రో ఎప్పటికీ తెలుస్తది. అయితె సంతకం మర్సిపోయిండ్రు సారూ."

ఆయన పెదవి బిగబట్టుకుని రెండు చోట్లా సంతకం పెట్టాడు, తారీఖు వేశాడు. కలం మూత పెట్టబోయాడు.

"సారూ," అంది మంచం మీద నుంచి ఈదమ్మ. "నా దాంట్ల ఏం రాసిండ్రు?"

"నీకెందుకమ్మా అదంతా? మందులు వేసుకో."

"నా కాళ్లు కదా సారూ."

"నాది సుత," అంది పద్దెనిమిదో మంచం ఆమె. "మూడు దినాల కింద ఏందో రాసి, తల ఊపుకుంట పోయిండ్రు. అప్పటిసంది నాకు నిద్ర లేదు."

కిటికీ దగ్గర నుంచి ఇంకెవరో పిలిచారు. గోడ పక్కన చాప మీద ఒక ముసలామె మోచేతి మీద లేచి తన అట్టను తానే చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా దాని వైపే చూస్తున్నది. పిల్లల్లో ఒకతను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఎవరూ చెప్పలేదు అతనికి.

పెద్ద డాక్టరు మూత లేని కలంతో అక్కడే నిలబడ్డాడు. చివరికి ఈదమ్మ అట్ట తీసుకుని, కళ్లద్దాలు పైకి తోసుకుని, మొదటి వరుస తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక మాటకు తెలుగు దొరక్క ఆజం వైపు చూశాడు. ఆజం అందించాడు.

సకీనా సంచీ భుజానికేసుకుంది. "అత్తమ్మా, బస్సు పోతది."

"పోనియ్యి, ఇంకోటొస్తది," అంది హనీఫమ్మ. "జర ఆగు. ఈదమ్మది విని పోదాం."